ఊలు ఉండ, నూలు కండె

నా సంచీలో ఎప్పుడూ రెండు సూదులు, ఒక ఊలు ఉండ ఉంటాయి. మీటింగు మొదలయ్యే వరకు, బస్సు వచ్చే వరకు, ఆసుపత్రి వరండాలో పిలుపు వచ్చే వరకు అల్లుతూ ఉంటాను. "స్త్రీల హక్కుల గురించి మాట్లాడుతూ ఈ స్వెటర్లు అల్లడమేమిటి?" అని ఒక సమావేశంలో ఒక మిత్రురాలు నవ్వుతూనే అడిగింది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. జవాబు మాత్రం చెప్పలేకపోయాను. ఈ సంచికలో ఆ జవాబు వెతుక్కుందామనుకుంటున్నాను.

అల్లిక ఇష్టమున్నవాళ్లకు ఊలు కూడబెట్టే పిచ్చి కూడా ఉంటుంది. నా దగ్గర ఒక పాత ట్రంకు పెట్టె నిండా ఊలు ఉంది. అవసరమై కొన్నది తక్కువ, రంగు చూసి ఆగలేక కొన్నది ఎక్కువ. మనం ఊలు అని కొనేదాంట్లో చాలాభాగం అసలు ఊలే కాదు, యాక్రిలిక్ దారం. ఆ సంగతి తెలిసీ కొంటాను. ఇక చికాకులకు లెక్కే లేదు. పది వరుసల కింద ఒక కుట్టు జారిపోయిందని పైకి వచ్చాక కనబడుతుంది. మొత్తం విప్పుకోవాలి. చేయి సగంలో ఉండగా ఉండ అయిపోతుంది, దుకాణానికి వెళితే ఆ రంగు దొరకదు. దొరికినా కాస్త ముదురో లేతో ఉంటుంది. అయినా విప్పి మళ్లీ అల్లడంలో నాకు బాధ లేదు. ఎందుకంటే నన్ను తొందరపెట్టేవాళ్లు ఎవరూ లేరు. చెడిపోతే పోయేది నా దారమే.

ఈ మాట ఎంత పెద్దదో నాకు రాజోలిలో తెలిసింది.

గద్వాల జిల్లాలో తుంగభద్ర ఒడ్డున ఉన్న చేనేత ఊరు రాజోలి. నేత ఇళ్లలో ఆడవాళ్లతో మాట్లాడటానికి వెళ్లి ఒక ఇంటి అరుగు మీద కూర్చున్నాను. ఇంటావిడ రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతోంది. ఆమె పని ఆపలేదు కాబట్టి నేనూ నా సూదులు తీశాను. కాసేపు చూసి ఆమె అడిగింది: "గిది అల్లితే నీకు ఎంతొస్తదమ్మా?"

"ఏమీ రాదమ్మా, ఇష్టం కొద్దీ అల్లుకుంటాను" అన్నాను.

ఆమె రాట్నం తిప్పుతూనే నవ్వింది. "నాకూ ఏమీ రాదు. కానీ ఇష్టమా అని నన్నెవరూ అడగలేదు."

గద్వాల చీర ఎలా ఉంటుందో మనందరికీ తెలుసు. ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు, మీద జరీ. నూలు పేకనూ పట్టు పేకనూ అంచు దగ్గర ఒకదానితో ఒకటి ముడివేస్తూ నేసే పద్ధతిని కుట్టు అంటారు. ఒళ్లుకు ఒక నాడె, రెండు అంచులకు రెండు నాడెలు ఆడాలి. ఈ నేతకు 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఏటా తిరుమల స్వామికి ఇక్కడి నేతగాళ్లు దీక్షతో జోడు పంచెలు నేసి పంపుతారు. ఆ సంగతి పత్రికల్లో ఫోటోలతో వస్తుంది. ఆ పంచెలకు కండెలు ఎవరు చుట్టారో నేను ఎక్కడా చదవలేదు.

మగ్గం మీదకు పోయేముందు ఎంత పని ఉందో చూడండి. నూలు చిలపలుగా వస్తుంది. గంజి పెట్టి ఆరేయాలి, చిక్కు తీయాలి. పడుగు కోసం బాబిన్లకు ఎక్కించాలి, పేక కోసం కండెలకు చుట్టాలి. పాత పడుగు కొసలకు కొత్త పడుగు కొసలను ఒక్కొక్క పోగుగా అతకాలి. పట్టు పోగు తెగితే కంటికి కనబడని ఆ కొస వెతికి పట్టుకుని ముడివేయాలి. కుడిచేయి రాట్నం తిప్పుతుంటే ఎడమచేయి పోగును బిగువు తప్పకుండా వదలాలి. బిగువు తప్పితే నాడెలో పోగు చిక్కుకుంటుంది, మగ్గం ఆగుతుంది, ఇంట్లో మాట పడాలి. ఈ పనుల్లో చాలావాటిని ఆడవాళ్లు నేలమీద కూర్చుని వంట, నీళ్లు, పిల్లల మధ్య చేస్తారు.

దీన్ని మన లెక్కల్లో అనుబంధ పని అంటారు. ఇంట్లో అయితే సాయం అంటారు. 2019-20 నాటి నాలుగో చేనేత గణనలో దేశంలో 35 లక్షల పైచిలుకు చేనేత, అనుబంధ కార్మికులు తేలారు. వాళ్లలో నూటికి డెబ్బైమందికి పైగా స్త్రీలు. అయినా నేతన్న అనగానే మన కళ్లముందు గుంటమగ్గంలో కూర్చున్న మగవాడే మెదులుతాడు. నేతక్క అనే మాట మన నోటికి ఇంకా అలవాటు కాలేదు.

మాస్టర్ వీవరు నూలూ పట్టూ జరీ తూకం వేసి ఇస్తాడు, చీర తూకం వేసి తీసుకుంటాడు. తగ్గితే కూలిలో కోత పడుతుంది. కూలి చీరకింత అని మగ్గం మీద కూర్చున్న మనిషి చేతికి వస్తుంది. అందులో కండె చుట్టినందుకు ఎంత అని విడిగా ఎవరూ చెప్పరు. చెప్పకపోవడంతో ఆ పనికి విలువే లేదన్నట్టు అయిపోయింది. అదే పనిని బయటి మనిషి చేత చేయిస్తే డబ్బు ఇవ్వక తప్పదు. భార్య చేస్తే ఉచితం. ఇంటిచాకిరీ గురించి మనం ఏళ్లుగా అడుగుతున్న ప్రశ్నే ఇక్కడ రాట్నం రూపంలో ఉంది.

రాజోలిలో ఆమె మరో సంగతి చెప్పింది. 2009 అక్టోబరులో తుంగభద్ర వరద ఊరిని ముంచినప్పుడు వాళ్ల మగ్గం గుంట బురదతో నిండిపోయింది, రాట్నం కొట్టుకుపోయింది. తరువాత వచ్చినవాళ్లు మగ్గం రాసుకున్నారట. "రాట్నం కూడా రాయి సారూ అన్న. అది సామానమ్మా అన్నడు" అంది.

వనపర్తి జిల్లాలో అమరచింత, కొత్తకోటలోనూ నేత ఉంది, కండెలూ ఉన్నాయి, ఇదే మాట ఉంది. నాగర్‌కర్నూలు వైపు వెళితే నూలు పోయి ఊలు వస్తుంది. అసలైన ఊలు. నల్ల దక్కనీ గొర్రెల బొచ్చు కత్తిరించి, ఏకి, కురుమ ఇళ్లలో ఆడవాళ్లు వడికేవారు. చింతగింజల గంజి పట్టించి మగవాళ్లు గొంగళ్లు నేసేవారు. వానకూ చలికీ పడకకూ అదే గొంగడి. మాంసానికి గిరాకీ పెరిగి ఊలు లేని నెల్లూరు జాతి గొర్రెలు మందల్లోకి వచ్చాయి. మిల్లు దుప్పట్లు సంతల్లోకి వచ్చాయి. కత్తిరించిన ఊలు కొనేవాళ్లు లేక పారబోశామని ఒక ముసలమ్మ నాతో చెప్పింది. నా సంచీలోని యాక్రిలిక్ ఉండను వేళ్లతో నలిపి చూసి, "ఇది గొర్రెది కాదు బిడ్డా" అంది. నేను సిగ్గుపడ్డాను. ఆ చేతుల విద్యకు పింఛను దరఖాస్తులో ఏ గడీ లేదు.

అయితే ఇదంతా బాధే అనుకుంటే అదీ తప్పే. రాజోలి నుంచి లేవబోతుంటే ఆమె లోపలికి వెళ్లి ఒక రేకు డబ్బా తెచ్చింది. దాని నిండా పోగులు. కండెల చివర మిగిలిన బెత్తెడు ముక్కలు, రంగురంగుల పట్టు, నూలు. ఒక్కొక్కటి తీసి ఇది ఏ పండుగకు ముందు నేసిన చీరదో, ఆ ఏడు ఏ బిడ్డ కడుపులో ఉందో చెప్పింది. నెమలికంఠం రంగు పోగును ఎండలో అటూ ఇటూ తిప్పి చూపించింది. తూకానికి రాని ముక్కలవి, అందుకే ఆమెకు మిగిలాయి. నా ట్రంకు పెట్టెకూ ఆమె డబ్బాకూ తేడా ఏమిటి? రంగు మీద ఇష్టం ఇద్దరికీ ఒకటే. నేను కొనుక్కోగలను. ఆమె మిగిలినదే దాచుకోగలదు.

అందుకే నా మిత్రురాలి ప్రశ్నకు ఇప్పుడు జవాబు చెబుతున్నాను. చేతిపని స్త్రీని బంధించదు. ఆ పని మీద ఆమెకు అధికారం లేకపోవడం బంధిస్తుంది. ఎప్పుడు చేయాలో, ఎప్పుడు ఆపాలో, ఎంత రావాలో తనే చెప్పగలిగిన రోజున రాట్నం ఆమెకు శత్రువు కాదు. ఆలేరు దగ్గర చింతకింది మల్లేశం తల్లి భుజం నొప్పి చూడలేక 1999లో ఆసు యంత్రం తయారుచేశాడు. ఒక కొడుకు తల్లి నొప్పిని పనివల్ల వచ్చిన నొప్పిగా గుర్తించాడు. ఆడవాళ్ల నడుము నొప్పిని వయసు నొప్పి అని కొట్టిపారేసే మనకు అది పాఠం.

చేయవలసినవి చిన్నవే, కష్టమైనవి కావు. నేత ఊళ్లలో పనిచేసే మిత్రులు ఈసారి సర్వేకు వెళ్లినప్పుడు "మీ ఆయన ఏం చేస్తాడు?" దగ్గర ఆగకండి. రోజుకు ఎన్ని కండెలు, ఎన్ని గంటలు అని ఆమెనే అడిగి రాయండి. గుర్తింపు కార్డు ఆమె పేరున ఉందో లేదో చూడండి. 2017లో రాష్ట్రంలో వచ్చిన పొదుపు పథకంలో అనుబంధ కార్మికులకూ చోటు పెట్టారు. అలాంటి పథకాలు ఎన్ని వచ్చినా కార్డూ ఖాతా లేని మనిషికి అవి అందవు. సహకార సంఘాల్లో సభ్యత్వం భార్యాభర్తలిద్దరికీ అడగండి. చీర కూలిలో కండె కూలిని విడిగా రాయించండి. ఆ డబ్బు చివరకు ఒకే ఇంటికి వస్తుంది కదా అంటారు. రానివ్వండి. ఎవరి చెమటకు వచ్చిందో కాగితం మీద ఉండాలి.

బయలుదేరేటప్పుడు ఆమె ఆ నెమలికంఠం పోగును నా చేతిలో పెట్టింది. వద్దన్నా వినలేదు. నేను నా ఊలు ఉండ ఇచ్చాను. మనవరాలికి టోపీ అల్లడం నేర్పమంది. మళ్లీ వెళ్లాలి. సూదులతో పాటు కార్డు దరఖాస్తు కూడా తీసుకువెళ్తున్నాను.