పియానో పరీక్షలో పంచమం

వీణ శ్రుతి చేసుకునే చేతికి పియానో శ్రుతి చేయడం ఎంతసేపు అనుకుంటున్నారా? అమెరికాలో ఉంటూ ఈ పని నేర్చుకునే సోదరీమణులు తడబడే ప్రమాదం సరిగ్గా అక్కడే ఉంది!

అక్కడి పియానో టెక్నీషియన్స్ గిల్డ్ వారి పరీక్షలు మూడు: రాతపరీక్ష, మరమ్మతులు, ట్యూనింగ్. ప్రతిదాంట్లోనూ 80 శాతం మార్కులు రావాలి.

ముందు తేలికైనది చూద్దాం. పియానోలో చాలా మెట్లకు మూడేసి తీగలుంటాయి. ఒకదాన్ని సరిచేసి, తక్కినవి దాంతో కలపాలి. ఒక తీగ సెకనుకు 440 సార్లు, పక్కది 442 సార్లు కంపిస్తే శబ్దం సెకనుకు రెండుసార్లు అలలా ఊగుతుంది. ఆ ఊపు పోయేదాకా సరిచేయాలి. ఇందులో మీ వీణ చెవి అక్కరకొస్తుంది.

చిక్కంతా పంచమం దగ్గరే. వీణమీద స, ప లను ఊపు లేకుండా కలుపుతాం కదా. పియానోమీద అలా కలిపితే మార్కులు పోతాయి! ఎందుకంటారా? శుద్ధమైన పంచమాలు పన్నెండు వరసగా ఎక్కితే ఏడు స్థాయిలు దాటి, పక్కపక్క మెట్ల మధ్య దూరంలో నాలుగోవంతు దాకా మిగిలిపోతుంది. ఆ మిగులును పన్నెండు పంచమాల్లోనూ తలా కాస్త తగ్గించి సర్దాలి.

రోజూ ఇలా సాధన చేయండి. 220 కంపనాల స్వరానికి దాని పై పంచమాన్ని ముందు ఊపు లేకుండా కలపండి. తర్వాత నాలుగు సెకన్లకు దాదాపు మూడు ఊపులు వినిపించేదాకా పిసరంత దించండి. గడియారం ముల్లు చూస్తూ లెక్కపెట్టండి. మొదట్లో అపశ్రుతిలా తోస్తుంది, ఓపిక పట్టండి.

మళ్ళీ వీణ ముందు కూర్చున్నప్పుడు మాత్రం ఈ సర్దుబాటు మరిచిపోండి సుమా!