ధూళి చాటు నక్షత్రాలు: మన దగ్గర లేని కిటికీ

జంషెడ్‌పూర్‌లో బ్లాస్ట్ ఫర్నేస్ దగ్గర పనిచేసినవాళ్లను ఎవరినైనా అడగండి. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి తరాల క్రితం వెళ్లి అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాల్లోనూ అలాంటివాళ్లు దొరుకుతారు. కొలిమి లోపల జరిగేది కంటికి కనిపించేది చాలా తక్కువ. వేడిగాలి ఊదే గొట్టాల దగ్గర చిన్న కంతల్లోంచి కాస్త మంట కనబడుతుంది, అంతే. మిగతాదంతా గోడ వేడిని బట్టి, చల్లబరిచే నీళ్లు ఎంత వేడెక్కి బయటికొస్తున్నాయో చూసి, పైనుంచి పోయే గ్యాస్‌ను పరీక్షించి అంచనా కట్టాల్సిందే.

సుదూర గెలాక్సీల్లో నక్షత్రాల పుట్టుకను లెక్కగట్టేవాళ్లదీ ఇదే పరిస్థితి. కొత్త నక్షత్రాలు పుట్టేది దట్టమైన ధూళి మేఘాల్లో. ఆ రేణువులు పొగ నుసి అంత సన్నగా ఉంటాయి. వాటిలో ఎక్కువ భాగం కర్బనం, సిలికేట్లు. ఫర్నేస్ నుంచి తీసి పారబోసే స్లాగ్ కూడా సిలికేట్ల జాతిదే. నక్షత్రాల కాంతిని ఈ ధూళి మింగేసి, తాను వేడెక్కి, దూర పరారుణ కిరణాలుగా తిరిగి వెదజల్లుతుంది. వేడెక్కడమంటే ఎంతో అనుకునేరు, మైనస్ 240 డిగ్రీల సెల్సియస్ దగ్గరికి!

ఈ దాగిన కాంతి తక్కువేమీ కాదు. విశ్వంలోని గెలాక్సీలన్నీ వెలువరించిన కాంతిలో సుమారు సగం ధూళిలో చిక్కి పరారుణంగా మారిందని 1990లలో కోబే ఉపగ్రహ సమాచారం తేల్చింది. 1998లో హవాయి దీవుల్లోని ఒక టెలిస్కోప్, అంతకుముందే హబుల్ రోజుల తరబడి ఫొటోలు తీసిన ఆకాశపు ముక్కనే సబ్‌మిల్లీమీటర్ తరంగాల్లో చూసింది. అక్కడ అన్నిటికంటే ప్రకాశవంతంగా కనిపించిన గెలాక్సీ హబుల్ ఫొటోలో లేనే లేదు! దాని దూరం తేల్చడానికి 2012 దాకా పట్టింది. విశ్వం వయసు సుమారు 110 కోట్ల ఏళ్లున్నప్పటి గెలాక్సీ అది. ఏడాదికి దాదాపు 850 సూర్యుళ్లంత పదార్థాన్ని నక్షత్రాలుగా మారుస్తోంది. మన పాలపుంతలో ఆ లెక్క ఒకటీ రెండూ మించదు.

మరి మన దేశం ఎక్కడుంది? ఇక్కడ కథ మళ్లీ టాటాల దగ్గరికే వస్తుంది. జంషెడ్‌పూర్ ఉక్కు కర్మాగారాన్ని నిలబెట్టిన దొరాబ్జీ టాటా పేరిట ఉన్న ట్రస్టుకు 1944లో హోమీ భాభా ఒక లేఖ రాశారు. దాని ఫలితమే 1945లో మొదలైన టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్. ఆ సంస్థే తర్వాతి కాలంలో పుణె జిల్లా ఖోడద్ దగ్గర 45 మీటర్ల డిష్‌లు 30తో జీఎంఆర్‌టీ రేడియో టెలిస్కోప్‌ను నిర్మించింది. 2020లో అక్కడి శాస్త్రవేత్తలు 7,653 గెలాక్సీల సంకేతాలను కలిపి, సుమారు 800 కోట్ల ఏళ్ల కిందటి గెలాక్సీల్లో సగటున ఎంత హైడ్రోజన్ ఉండేదో కొలిచారు. కొత్త గ్యాస్ వచ్చి చేరకపోతే ఆ నిల్వ వంద, రెండు వందల కోట్ల ఏళ్లలో అయిపోతుందని తేలింది. నక్షత్రాల పుట్టుక ఆ తర్వాత ఎందుకు మందగించిందో దీంతో అర్థమైంది. ఇంధనం అడుగంటింది.

అంటే కొలిమిలో బొగ్గు ఎంతుందో తూచడం మనకు వచ్చు. గోడ వేడి కొలిచే సాధనమే లేదు. చిలీ ఎడారిలో 66 యాంటెన్నాలతో పనిచేసే ఆల్మాలో భారత్ భాగస్వామి కాదు. సొంతంగా పెద్ద సబ్‌మిల్లీమీటర్ టెలిస్కోప్ కూడా లేదు. మన పరిశోధక విద్యార్థులు చాలావరకు ఇతరులు వాడుకుని బహిరంగపరిచిన సమాచారం మీదే ఆధారపడాలి. అందులో మంచి పరిశోధనలు రావడం లేదని కాదు. కానీ ఏ గెలాక్సీని చూడాలన్న మొదటి ప్రశ్న అడిగే హక్కు మనది కాదు.

అంతర్జాతీయ ఎస్‌కేఏ రేడియో టెలిస్కోప్‌లో చేరేందుకు కేంద్రం రూ.1,250 కోట్లు కేటాయించినట్టు 2024 జనవరిలో వెల్లడైంది. మంచి నిర్ణయమే. రేడియో తరంగాలు కూడా ధూళిని దాటి వస్తాయి కదా, అది చాలదా అని అడగొచ్చు. చాలదు. దూరం పెరిగేకొద్దీ గెలాక్సీల రేడియో కాంతి క్షీణిస్తుంది. సబ్‌మిల్లీమీటర్‌లో అలా కాదు. విశ్వం వ్యాకోచించడం వల్ల ధూళి కాంతిలో తీవ్రమైన భాగం సాగి సరిగ్గా ఈ తరంగాల్లోకే వస్తుంది. అందుకే ఎంతో దూరపు గెలాక్సీ కూడా దగ్గరిదానికి దీటుగా వెలుగుతుంది.

ఇలాంటి టెలిస్కోప్‌కు కావాల్సింది ఎత్తు, పొడిగాలి. గాలిలో తేమ ఉంటే ఈ తరంగాలు నేలకు చేరవు. లద్దాఖ్‌లోని హన్లే సుమారు 4,500 మీటర్ల ఎత్తున ఉన్న చలి ఎడారి. అక్కడి రెండు మీటర్ల ఆప్టికల్ టెలిస్కోప్‌ను బెంగళూరు దగ్గరి హొస్కోటె నుంచి ఇరవై ఏళ్లకు పైగా నడుపుతున్నాం. రోడ్డుంది, కరెంటుంది, అక్కడి చలికాలంలో యంత్రాలు నడిపిన అనుభవమూ ఉంది.