విహారమా? తీర్థదర్శనమా?

అలాస్కాలో ఆంకరేజ్ నగరానికి ఆగ్నేయంగా పోర్టేజ్ సరస్సు ఉంది. అక్కడి హిమానీనదాన్ని యాత్రికులు తీరం నుండే దర్శించుటకు 1986లో ఒక సందర్శక కేంద్రాన్ని తెరిచారు. నేడు ఆ కేంద్రం గవాక్షాల నుండి హిమానీనదం కనబడదు. అది కరిగి వెనుకకు జరిగి, కొండమలుపు చాటుకు చేరింది. కనుకనే కుటుంబాలు దాని దర్శనార్థం పడవలో సరస్సును దాటుతాయి.

నీలకాంతులీనే మంచుగోడ ఎదుట పడవ నిలిచినప్పుడు పెద్దలు హిమానికి వీపు తిప్పి ఛాయాచిత్రాలు తీసుకుంటారు. ఒక మంచుపెళ్ళ విరిగి నీట పడగానే అందరూ కరతాళధ్వనులు చేస్తారు. క్షయాన్ని ఉత్సవంగా భావించే ఈ దృష్టి విచారణీయం.

గీత దశమాధ్యాయంలో భగవానుడు స్థావరాలలో తాను హిమాలయమని ప్రకటించాడు. హిమానికి ఆలయమైన పర్వతం ఈశ్వరవిభూతి అయినప్పుడు, ఏ దేశపు హిమమైనా కేవలం వినోదవస్తువు కాజాలదు.

హిమరూపం నశించినా జలతత్త్వం నశించదని వేదాంతి అంటాడు. అది సత్యమే. కానీ "సర్వం అనిత్యమే కదా" అని ఉపేక్షించడం వైరాగ్యం కాదు, తమస్సు. అనిత్యమైన దేహాన్ని ధర్మసాధనమని శ్రద్ధగా రక్షించుకునే మానవుడు, అనిత్యమైన ప్రకృతిని మాత్రం ఏ న్యాయంతో విడనాడగలడు? భూతాపాన్ని పెంచే భోగలాలసలో ఆ పడవలోని ప్రతివానికీ భాగముంది.

"తాతయ్యా, మళ్ళీ వచ్చేసరికి ఇది ఉంటుందా?" అని ఒక బాలుడు అడిగితే తాత వద్ద ఉత్తరముండదు. ఆ మౌనం నుండి సంయమసంకల్పం జనిస్తే, ఆ విహారమే తీర్థయాత్ర అవుతుంది.