జీలుగు కల్లును సీసాల లెక్కలో కలపకండి

"ఏజెన్సీవాళ్లు తాగుబోతులు" అని ఎవరైనా అంటే తలొంచుకుంటావేం తమ్ముడూ? 1879లో రంప ఎందుకు రగిలిందో వాళ్లనే అడుగు.

మనోళ్లు ఇంటి వాడకానికి కల్లు గీసుకునేవాళ్లు. మద్రాసు ప్రభుత్వం కొత్త అబ్కారీ నిబంధనలు తెచ్చి దాన్ని నేరం చేసింది, కల్లు హక్కును కాంట్రాక్టర్ల చేతిలో పెట్టింది. అసలే మన్సబుదారు చిగురుపన్నుతో నలిగిన జనం. మార్చిలో లేచారు, పోలీసు స్టేషన్ల మీద పడ్డారు. అది తాగుడు గొడవ కాదు, చెట్టు ఎవరిదన్న గొడవ.

జీలుగు చెట్టు గెల వేయడానికి ఏళ్లకేళ్లు పడుతుంది. గెల కోసి కుండ కడితే ఊట దానంతటదే పులుస్తుంది, ఏమీ కలపక్కర్లేదు. (మత్తుమందు కలిపిన కల్తీ కల్లు సంగతి వేరు, దాన్ని నేను వెనకేసుకు రాను.) పొద్దున తియ్యన, పొద్దుగూకేసరికి పులుపు. నిలవుండదు. లారీకెక్కించి దూరం పంపే సరుకు కాదు, చెట్టు కింద పంచుకునేది.

తాగుడుతో మన ఆడోళ్లు పడే బాధ నాకూ తెలుసు. మరి ఊళ్లో బెల్టుషాపు ఎవరు పెట్టారు? మత్తు పదార్థాల అమ్మకాన్ని నియంత్రించే, నిషేధించే అధికారం గ్రామసభకు ఉండాలని 1996 పెసా చట్టం చెప్తోంది. మీ గ్రామసభను ఎవరైనా అడిగారా? తీర్మానం పుస్తకం తెరిపించి చూడు.