పన్నెండో ఎక్కం

తెలుగులో 'పాతిక' అంటే నాలుగో వంతు. పాతిక అంటే ఇరవై అయిదు కూడా. వందలో నాలుగో వంతు ఇరవై అయిదే కదా! బళ్ళో శాతాల లెక్కలు ఒక చాప్టరూ, భిన్నాలు ఇంకో చాప్టరూ చేసి చెప్పారు గానీ, మన భాష ఆ రెంటినీ ఒక్క మాటలో ఎప్పుడో ఇమిడ్చేసింది.

పాతికలో సగం పరక, అంటే ఎనిమిదో వంతు. పరకలో సగం వీసం, పదహారో వంతు. రూపాయికి పదహారణాలు కాబట్టి, అణా అంటే రూపాయిలో వీసం. పదహారణాల తెలుగు అన్నా, నూటికి నూరుపాళ్ళూ తెలుగు అన్నా లెక్క ఒకటే. 1957 ఏప్రిల్ 1న రూపాయిని వంద నయాపైసలు చేసినప్పుడు అణాకి ఆరుంబావు పైసలొచ్చాయి, బేడకి పన్నెండున్నర. అవి వందలో సరిగ్గా కుదరలేదు. పావలా, అర్ధరూపాయి కుదిరాయి, పేర్లతో సహా మిగిలాయి. పావలా నాణెం కూడా 2011లో చెల్లకుండా పోయింది. అయినా ఆ మాట ఒకచోట మాత్రం ఇప్పటికీ చెల్లుతోంది. వడ్డీ దగ్గర.

పావలా వడ్డీ, రూపాయి వడ్డీ, రెండ్రూపాయల వడ్డీ. ఊళ్ళో ఈ మాట అన్నవాడికీ విన్నవాడికీ మధ్య పైకి చెప్పని ముక్కలు రెండున్నాయి: 'నూటికి', 'నెలకి'. నూరు రూపాయల అప్పుకి నెలకి పావలా అంటే ఏడాదికి మూడు రూపాయలు, మూడు శాతం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వైఎస్ రాజశేఖరరెడ్డి ప్రభుత్వం డ్వాక్రా మహిళలకి పెట్టిన 'పావలా వడ్డీ' పథకం అర్థం ఇదే. మూడు శాతం పథకం అని పేరు పెట్టి ఉంటే జనం నోట అంతగా నానేది కాదేమో.

చిక్కల్లా ఆ పైకి చెప్పని ముక్కలు తెలియని తరానికి వచ్చింది. ఈ మధ్య ఇక్కడ ఎమ్మెస్ పూర్తిచేసి ఉద్యోగంలో చేరిన ఒక కుర్రాడు తన అప్పుల సంగతి చెప్పాడు. ఫీజుకి బ్యాంకు లోను, పన్నెండు శాతం. బ్యాంకు అంతకంటే ఇవ్వాలంటే తనఖా అడిగింది. అందుకని మిగతా పది లక్షలూ వాళ్ళ నాన్న ఊళ్ళో తెలిసినాయన దగ్గర నోటు రాసి రెండ్రూపాయల వడ్డీకి తెచ్చాడు. "ముందు బ్యాంకుది తీర్చేస్తానండీ, అది పన్నెండు, ఊళ్ళోది రెండే కదా" అన్నాడు. వాడు చదివింది డేటా సైన్స్!

రెండు పన్నెండ్లు ఇరవై నాలుగు అని చెప్తే కాసేపు మాట్లాడలేదు. బ్యాంకు వడ్డీకి సరిగ్గా రెట్టింపు. పది లక్షలకి నెలకి ఇరవై వేలు. ఇంకో సంగతి కూడా ఉంది. ప్రామిసరీ నోటుకి గడువు మూడేళ్ళే. ఈలోగా ఏమీ కట్టకపోతే మూడో ఏడు నిండే లోపల నోటు తిరగరాస్తారు. అప్పుడు వడ్డీ కూడా అసలులో కలుస్తుంది. పది లక్షలు పదిహేడు లక్షల ఇరవై వేలవుతుంది. అదే వడ్డీకి మరో మూడేళ్ళు సాగితే ఇరవై తొమ్మిది లక్షల యాభై ఎనిమిది వేల నాలుగొందలు. ఈ లెక్క ఆ తండ్రికి నిద్రలో లేపి అడిగినా తెలిసే ఉంటుంది. 'చదువుకునే పిల్లాడికెందుకు' అని చెప్పి ఉండడు.

ఇలా పొరపడేది పిల్లలొక్కరే కాదు. మన చెవులు కూడా ఏళ్ళు గడిచేకొద్దీ శాతాలకి అలవాటు పడిపోయాయి. క్రెడిట్ కార్డు మీద ఇరవై నాలుగు శాతం అని రాసి ఉంటే చూసీ చూడనట్టు సంతకం పెట్టేస్తాం. అదే కాగితం మీద 'రెండ్రూపాయల వడ్డీ' అని ఉంటే, పొలం కాయితాలు తాకట్టు పెట్టినంత దిగులుగా ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తాం. ఇక్కడి పేడే లోను కొట్లలో వంద డాలర్లకి రెండు వారాలకి పదిహేను డాలర్లు తీసుకోవడం మామూలు. వినడానికి చిల్లరే. ఏడాదికి ఇరవై ఆరు పక్షాలు కాబట్టి 390 శాతం. మన లెక్కలో ముప్పై రెండున్నర రూపాయల వడ్డీ! అప్పిచ్చేవాళ్ళు ఏడాది శాతం కూడా రాసి చూపించాలని అమెరికాలో 1968లోనే చట్టం చేశారు. ఊళ్ళో రాసే నోటు మీద మాత్రం 'నెల 1కి నూటికి రూ. 2' అనే ఉంటుంది. రెండూ నిజాలే. ఒకదాని పక్కన ఇంకొకటి పెట్టుకోకపోతేనే ప్రమాదం.

పెట్టుకోవడం ఏమంత కష్టం కాదు. రూపాయల్లో చెప్తే పన్నెండుతో హెచ్చవేయడం, శాతంలో చెప్తే పన్నెండుతో భాగించడం. ఆరు శాతం ఇంటిలోను అర్ధరూపాయి వడ్డీ. తొమ్మిది శాతం కారులోను ముప్పావలా వడ్డీ. అయిదు రూపాయల వడ్డీ అని ఎవరైనా తేలిగ్గా అంటే, అది ఏడాదికి అరవై శాతం. ఇరవై నెలల్లో అసలంత వడ్డీ.

ఇంటికి ఫోన్ చేసినప్పుడు 'అప్పు ఇంకా ఎంతుంది నాన్నా' అని అడుగుతూనే ఉంటాం. ఈసారి వడ్డీ ఎన్ని రూపాయలో, నోటు ఏ తారీఖున రాశారో కూడా అడగండి. మూడేళ్ళు నిండకముందే అడగండి.