సీఆర్పీ అంకె ఒక్కటే చూస్తే చాలదు



మా అరోరా రూములో జరిగిన సంగతి చెబుతాను. నాతో ఉండే కరీంనగర్ తమ్ముడికి ఒక మోకాలు వాచి, వేడెక్కి, రాత్రి జ్వరం వచ్చింది. రక్తపరీక్ష చేయించుకున్నాడు. క్లినిక్ వాళ్లు పిలవకముందే రిపోర్టు ఫోన్లోకి వచ్చేసింది. సీఆర్పీ 6.4. అదే వారం ఇంటి నుంచి వాళ్ల నాన్న రిపోర్టు కూడా వచ్చింది. అందులో 18.

"అన్నా, నాది ఆరే, బాపుది పద్దెనిమిది. నాకేం గాలే, డ్యూటీకి పోత" అన్నాడు.

నేను డాక్టర్ని కాను, ఇంటర్ చదివిన గుమాస్తాని. బిల్లుల్లో అంకె పక్కన కొలత సరిచూడటమే నా పని. అలవాటు కొద్దీ చూశాను. వాళ్ల నాన్నది లీటరుకు మిల్లీగ్రాములు. ఇతనిది డెసీలీటరుకు, అంటే లీటరులో పదో వంతుకు. పదితో హెచ్చవేస్తే 64! అమెరికాలో కొన్ని ల్యాబులు ఇలాగే రాస్తాయి. మన దేశంలో ఎక్కువగా లీటరు లెక్క. అదే వరుసలో నార్మల్ ఎంతో కూడా ఉంటుంది, మనవాళ్లు అక్కడిదాకా చూడరు.

ఒంట్లో ఇన్ఫెక్షనో, వాపో, దెబ్బో ఉంటే కాలేయం రక్తంలోకి వదిలే ప్రొటీన్ ఈ సీఆర్పీ. 1930లో న్యూయార్క్ రాక్‌ఫెల్లర్ ఇన్‌స్టిట్యూట్‌లో టిల్లెట్, ఫ్రాన్సిస్ అనే ఇద్దరు న్యుమోనియా రోగుల రక్తంలో దీన్ని కనిపెట్టారు. మామూలుగా లీటరుకు 10 లోపు ఉండాలి, కొన్ని ల్యాబులు 5 అంటాయి. కొన్ని గంటల్లోనే పెరుగుతుంది, జబ్బు తగ్గితే త్వరగా దిగుతుంది.

ఊళ్లో రాసే ఈఎస్ఆర్ వేరు. సన్న గొట్టంలో రక్తం నిలబెట్టి, గంటలో ఎర్రకణాలు ఎన్ని మిల్లీమీటర్లు దిగాయో చూస్తారు. అది నిదానంగా పెరిగి వారాల తరబడి దిగదు. వయసుకీ, రక్తహీనతకీ, గర్భానికీ కూడా పెరుగుతుంది. ఈఎస్ఆర్ ఎక్కువంటే టీబీయే అని బెంగపడేవాళ్లున్నారు. టీబీ తేల్చడానికి కఫం పరీక్ష, ఎక్స్‌రే ఉన్నాయి.

రెండూ కాపలా కుక్కల్లాంటివే. మొరుగుతాయి, వచ్చింది దొంగో చుట్టమో చెప్పవు. ఒక్కోసారి దొంగ వచ్చినా మొరగవు. కాబట్టి ఒక్క కీలు వేడిగా వాచి జ్వరం ఉంటే రిపోర్టు ఎలా ఉన్నా ఆ రోజే ఆస్పత్రికి పోవాలి.

తమ్ముడు ఖర్చుకు భయపడ్డాడు. ఇన్సూరెన్స్ లేకపోయినా ఎమర్జెన్సీలో ముందు పరీక్ష చేయాలని 1986 నుంచి ఇక్కడ చట్టం ఉంది. బిల్లు తర్వాత వస్తుంది, ఆ గొడవ ఇంకో వారం రాస్తాను. మోకాల్లోంచి నీరు తీసి చూస్తే చీము. ఆ రాత్రే లోపల కడిగారు.

ఇంకో మాట. ఏయే మాత్రలు వేసుకున్నారో డాక్టరుకు చెప్పండి. స్టెరాయిడ్ మాత్రలు మింగితే జబ్బు లోపల ఉండగానే సీఆర్పీ తగ్గినట్టు కనిపించవచ్చు.