వచ్చి పోయిందని ఊరుకోకండి

ఆ మధ్య ఒక ఆదివారం పొద్దున్నే మా వీధి చివరింటి మాస్టారు వచ్చారు. క్రితం రోజు కాఫీ తాగుతుండగా కుడిచేతిలోంచి గ్లాసు జారిపోయిందట. మాట తడబడిందట. పావుగంటలో అంతా సర్దుకున్నదట.

"ఏదో వాతం, వచ్చింది, పోయింది. అమ్మాయి పెళ్ళి నెలరోజుల్లోనే ఉంది. అది కానిచ్చి తీరిగ్గా చూపించుకుంటాను. ఏమంటారు డాక్టరుగారూ?" అన్నారు.

నేను ఒప్పుకోలేదు. అలా వచ్చిపోయేది అసలు పక్షవాతానికి ముందు వచ్చే కబురు కావచ్చు. దాని వెనుక వచ్చే ముప్పు మొదటి కొద్దిరోజుల్లోనే ఎక్కువ. ఆనాడే ఆస్పత్రికి పంపాను. మెడకు అల్ట్రాసౌండు తీస్తే, ఎడమవైపు మెదడుకు నెత్తురు తీసుకుపోయే ధమని కొవ్వు పేరుకుని నూటికి ఎనభై పాళ్ళు ఇరుకైపోయి ఉంది.

"మళ్ళీ వస్తుందని ఎలా చెబుతారండీ? జాతకం చూశారా?" అన్నారు మాస్టారు.

జాతకం కాదు, లెక్క. 1991లో ప్రకటితమైన అమెరికా, కెనడా పరిశోధన ఒకటుంది. ఇలా హెచ్చరిక వచ్చి, ధమని నూటికి 70 పాళ్ళు, అంతకుమించి ఇరుకైనవారిలో, మందులే వాడినవారికి రెండేళ్ళలో అదేవైపు మెదడుకు దెబ్బ నూటికి 26 మందికి తగిలింది. ఆపరేషన్‌తో ధమనిని శుభ్రం చేయించుకున్నవారిలో 9 మందికే. నేటి మందులు అప్పటికంటె మెరుగు; అయినా హెచ్చరిక హెచ్చరికే.

ఇరుకు ఒక్కటే చూస్తే చాలదు. వయసు పైబడినవారికి, మగవారికి, హెచ్చరిక వచ్చి ఎన్నాళ్ళో కానివారికి ముప్పు ఎక్కువ. పేరుకున్న కొవ్వు పాతగోడలా పెచ్చులూడినా, దానిలోపల నెత్తురు చిమ్మినా మరీ ఎక్కువ. ఆపరేషన్‌లోనూ కొంత ప్రమాదం ఉంది. కనుకనే రెండు ప్రమాదాలనూ త్రాసులో వేసి చూడాలి. చేసేదేదో రెండువారాల లోపల చేస్తేనే లాభం హెచ్చు.

మాస్టారు ఇంకా నసుగుతున్నారు. అంతవరకు మాట్లాడని వారి ఇల్లాలు, "ముహూర్తం ఇంకోటి దొరుకుతుంది. మీరు దొరుకుతారా?" అన్నది.

పదోరోజున ఆపరేషన్ అయింది. ముహూర్తమూ తప్పలేదు. కన్యాదానంనాడు మాస్టారు సంకల్పం ఎక్కడా తడబడకుండా చెప్పారు.

మూతి వంకరపోయినా, చెయ్యి పట్టు తప్పినా, మాట తడబడినా, ఒక కన్ను హఠాత్తుగా మసకబారినా, వెంటనే తగ్గిపోయినా సరే, ఆ రోజే ఆస్పత్రికి వెళ్ళండి. తగ్గింది కదా అని సంతోషించడం తరువాత.